నలభై అతుకులు

ముందు చప్పుడొచ్చింది. సన్నగా, పాము బుస కొట్టినట్టు. ఆ తర్వాత హ్యాండిల్ బరువెక్కింది. వెనక చక్రం నేలని పట్టుకుని ఇక కదలనంది.

ఫ్యానీ కాలు కింద పెట్టింది.

ముందు పోతున్న విలియం వెనక్కి తిరిగి చూడలేదు. చూడాల్సిన పనిలేదు. పొద్దుట్నుంచి వింటున్న చప్పుడే. దిగాడు. సైకిల్ని చెట్టుకి ఆనించాడు. రిపేరు సామాను బయటికి తీశాడు. రబ్బరు ముక్కలు, గరుకు కాగితం, అతికించే సొల్యూషన్. ఇద్దరి మధ్యా మాట లేదు. ఆమె చక్రాన్ని పైకి లేపి టైరంతా వేలితో తడిమింది. ఒకచోట వేలు ఆగింది. తెల్లటి ముల్లు. చిటికెన వేలంత పొడుగు. గోటితో పట్టి లాగితే వచ్చేసింది. దాని పక్కనే ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి.

1898. దక్షిణాది మట్టిరోడ్డు. నెత్తి మీద ఎండ మండుతోంది. చుట్టుపక్కల నీడనిచ్చే చెట్టు ఒకటే. అదీ ఈ ముళ్లు రాల్చిన తుమ్మచెట్టే.

ట్యూబు సగం బయటికొచ్చేసరికి మీద నీడ పడింది. ఫ్యానీ తలెత్తింది. నీడ చెట్టుది కాదు. పొలాల్లోంచి మనుషులు నడిచొస్తున్నారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు.

*

జనం చుట్టూ చేరారు. మేకలు కాసే పిల్లలు. గడ్డిమోపులు దింపిన ఆడవాళ్లు. బండి ఆపి దిగిన రైతు. బండి ఎడ్లకి ఈ మెరిసే చక్రాలు కొత్త. ముక్కుతాడు తెంచుకునేలా పక్కకి లాగుతున్నాయి.

ముందు అందరూ దొరని చూశారు. యాభై ఏళ్ల మనిషి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తర్వాత దొరసానిని చూశారు. తల మీద ఎండటోపీ, దానికి ఫ్రాన్సు టూరింగ్ క్లబ్బు బిళ్ల. మెడ దాకా బొత్తాలు పెట్టిన జాకెట్టు. కాళ్లని కప్పేసే పొడుగు స్కర్టు, దాని అంచున జానెడు ఎర్రమట్టి.

దొరసానులు వాళ్లకి కొత్త కాదు. పల్లకీలో చూశారు, గుర్రబ్బండిలో చూశారు, రైలు కిటికీలో చూశారు. కానీ ఇలా నేల మీద మోకాళ్లు మోపి, చేతులకి జిగురు పూసుకుని, పళ్ల బిగువున టైరు చక్రంలోకి తోస్తున్న దొరసానిని చూడలేదు. పిల్లలు మెల్లగా ముందుకి జరిగారు. ఒకడు బెల్లు నొక్కాడు. అది గణగణమంది. అందరూ ఒక్క అడుగు వెనక్కేశారు.

అప్పుడు గుంపులో ఎవరో అసలు సంగతి గమనించారు. మనుషులు ఇద్దరు. సైకిళ్లూ రెండు.

*

ఆ రెండో సైకిలు సంగతి మనూరు వాళ్లకి చెబితే ఇట్టే అర్థమవుతుంది.

సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్ పక్కన, మంజీర తీరాన మనూరు. కాస్త అటు పోతే కర్ణాటక. ఒక తరం కిందటి దాకా ఇక్కడ మొగుడూ పెళ్లాల సైకిల్ యాత్ర అంటే ఒకటే సైకిలు. సీటు మీద ఆయన, వెనక క్యారియర్ మీద రెండు కాళ్లూ ఒకపక్కకి వేసుకుని ఆమె, ముందు కడ్డీకి తువ్వాల చుట్టి దాని మీద పిల్లాడు, హ్యాండిల్‌కి వేలాడుతూ బోనం సామాను సంచి. బోరంచ నల్లపోచమ్మ దగ్గరికి పోయినా, శివరాత్రికి ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుడి దగ్గరికి పోయినా ఆ బండి అదే, ఆ కూర్చోడం అదే.

"మెల్లగ తొక్కయ్యా, పోరడు నిద్రవోయిండు."

"గట్టిగ పట్టుకో మరి. ముందట గతుకుంది."

అంతలో బుస్సుమంటుంది. ఆయన దిగుతాడు. ఆమె పిల్లాణ్ని చంకనేసుకుని నడక మొదలుపెడుతుంది. ఊళ్లో పంచరు కొట్టు దాకా ఇక నడకే. అక్కడ తొట్టిలో మురికి నీళ్లు. ఆ నీళ్లలో ట్యూబు ముంచి పిండితే బుడబుడమని బుడగలు. చిల్లి దొరికింది. అతుకు పడింది. మళ్లీ ఎక్కు.

ఆ ముల్లు ఎక్కడైనా ఒకటే. ఇవాళ రోడ్ల పక్కన కంపగా అల్లుకున్న సర్కారు తుమ్మ 1877లో జమైకా నుంచి విత్తనంగా వచ్చి కడప నేలలో పడింది. ఫ్యానీ సైకిలెక్కి వచ్చేనాటికి దానికి ఇరవై ఏళ్లు. నల్లతుమ్మ మాత్రం ముందు నుంచీ ఈ నేలదే. కాయలు మేకలకి, బంక మందులకి, కట్టె నాగలికి. ముల్లు అందరికీ.

అప్పట్లో మనూరు నిజాం రాజ్యంలో ఉంది. ఈ వైపు ఇంకా రైలు రాలేదు. ఆ దంపతుల నియమమేమో రైలు దారికి దగ్గరగా పోయే పెద్ద రోడ్లే పట్టుకోవాలని. తిండి దొరకాలి, రాత్రికి కప్పు దొరకాలి. ఆ లెక్కన ఇలాంటి ఊళ్లు వాళ్ల పటానికి బయటే. కానీ ముల్లు పటం చూసి గుచ్చదు.

దక్షిణాదిలోనే, పుదుక్కోట్టై జిల్లాలో, పల్లెటూరి ఆడవాళ్లు అక్షరాలతో పాటు సైకిలూ నేర్చుకుని వేలకు వేలుగా రోడ్డెక్కింది 1990ల మొదట్లో. దానికింకా తొంభై ఏళ్ల పైన ఉంది. ఇక్కడ ఈ మట్టిరోడ్డు మీద గుంపు ఇంకా కదల్లేదు. ఫ్యానీ గాలి కొట్టడం ఆపి, చక్రం నొక్కి చూసింది. గట్టిగానే ఉంది. లేచి నిలబడింది. స్కర్టు ఒకచేత్తో సర్దుకుంది.

దొర సాయం పట్టలేదు. ఆమె సాయం అడగలేదు. ఎక్కేసింది.

గుంపు గుంపంతా వెనక పరిగెత్తింది.

*

ఆమె పూర్తి పేరు ఫ్యానీ బులక్ వర్క్‌మన్. పుట్టింది 1859లో, అమెరికాలోని వూస్టర్ పట్నంలో. తండ్రి అలెగ్జాండర్ బులక్ మసాచుసెట్స్ రాష్ట్రానికి గవర్నరుగా చేశాడు. డబ్బుకి లోటు లేదు. 1881లో పెళ్లయింది. భర్త విలియం హంటర్ వర్క్‌మన్ డాక్టరు. ఆమెకంటే పన్నెండేళ్లు పెద్ద.

1889లో విలియం ఆరోగ్యం చెడింది. ప్రాక్టీసు కట్టిపెట్టి కాపురాన్ని జర్మనీకి మార్చారు. అప్పటికే ఒక ఆడపిల్ల, రాచెల్. తర్వాత మగపిల్లాడు, సీగ్‌ఫ్రీడ్.

1893లో పిల్లాడికి జ్వరం వచ్చింది. ఫ్లూ. ఆ పైన న్యుమోనియా. తండ్రి డాక్టరే. పిల్లాడు దక్కలేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో సైకిళ్లు ఆగలేదు. అల్జీరియా. 1895లో స్పెయిన్, ఒక్క దేశంలో 2,800 మైళ్లు, రోజుకి సగటున నలభై అయిదు, ఒక్కోరోజు ఎనభై దాకా. హ్యాండిల్‌కి టీ కెటిల్. కుక్కలు మీద పడితే కొట్టడానికి కొరడా. దొంగలు అడ్డం వస్తే చూపించడానికి రివాల్వరు. ఒక్కో ప్రయాణం అవగానే ఒక్కో పుస్తకం, అట్ట మీద ఇద్దరి పేర్లూ.

రాచెల్ చదువు రాచెల్‌ది. పెంపకం వేరేవాళ్ల చేతుల్లో. అమ్మానాన్నలు దారి మీద.

1897 నవంబరు. ఆమెకి 38, ఆయనకి 50. రెండు సైకిళ్లూ ఓడెక్కాయి. సిలోన్ దాటితే ఇండియా. ఆ ఇండియాలో అప్పుడు ఒక మాట గాలిలో తిరుగుతోంది. రైల్వే స్టేషన్లలో ఆ మాట అనడానికే జనం భయపడుతున్నారు.

*

ప్లేగు.

1896లో బొంబాయిలో బయటపడింది. పుణేకి పాకింది. రోగుల్ని వెతకడానికి సిపాయిలు ఇళ్లలో జొరబడ్డారు. జనం రగిలిపోయారు. 1897 జూన్ 22 రాత్రి ప్లేగు అధికారి ర్యాండ్ మీద చాపేకర్ సోదరులు తుపాకీ పేల్చారు. స్టేషన్లలో ప్రయాణికుల చంకలు తడిమి చూసి పంపుతున్నారు. గడ్డ కనపడితే ఇక ఇంటికి పోయే రైలు లేదు.

ఆ దేశంలో రాత్రిళ్లు వాళ్లు ఎక్కడ పడుకున్నారు?

చీకటి పడుతోంది. డాక్ బంగళా తలుపు కిర్రుమంది. లోపల మూసిన గది వాసన, సున్నం వాసన, గబ్బిలాల వాసన. ఒక మంచం, దానికి నవారు ఉండీ లేనట్టు. ఖాన్సామా దీపం తెచ్చాడు. ఏముంది తినడానికి అంటే, అన్నీ ఉన్నాయన్నట్టు తలూపాడు. మరుక్షణం పెరట్లో కోడి కేకలు. అది పరిగెత్తడం, ఆయన తరమడం, ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ రోజుల్లో బంగళా కోడికి దొరలు పెట్టుకున్న ముద్దుపేరు 'సడన్ డెత్'. అతిథి గేటు దాటేసరికి అది బతికే ఉంటుంది. అతిథి స్నానం చేసి వచ్చేసరికి పళ్లెంలో ఉంటుంది. నమిలితే మాత్రం ఇంకా పరిగెడుతున్నట్టే ఉంటుంది.

ఒక్కోచోట కోడీ ఉండదు, ఖాన్సామా ఉండడు. అప్పుడు సంచీ విప్పాలి. అందులో ఉన్నవి కొన్నే: టీ పొడి, పంచదార, బిస్కెట్లు, చీజ్, డబ్బా మాంసం, నీళ్లు. చెరొక దుప్పటి, తలగడలు. మందులు. రిపేరు సామాను. రాసుకోడానికి కాగితాలు.

అవి ముందేసుకుని ఫ్యానీ రాయడం మొదలుపెట్టింది. దోమలు దీపం చుట్టూ, చెవుల చుట్టూ, కలం పట్టిన చేతి చుట్టూ. విలియం దుప్పటి ముసుగు పెట్టాడు. దీపం చిన్నదైంది.

గోడవార ఏదో కదిలింది.

గీకుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ. ఈసారి సంచీ దగ్గర. విలియం లేచి కూర్చున్నాడు. దీపం ఒత్తి పెంచాడు. రెండు కళ్లు తళుక్కుమన్నాయి. తర్వాత నాలుగు. తర్వాత లెక్కపెట్టడం మానేశాడు.

ఎలకలు.

ఆ ఏడాది ఎలక అంటే ఒట్టి ఎలక కాదు. ఎలకలు పిట్టల్లా రాలితే వెనకే మనుషులు రాలతారని ఊళ్లు చెప్పుకుంటున్నాయి. ఎందుకో మాత్రం డాక్టర్లకి అంతుపట్టలేదు. అదే 1898 జూన్‌లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు గుట్టు పట్టుకున్నాడు: ఎలక ఒంటి మీద రక్తం తాగి ఎగిరి దూకే చిన్న పురుగు, చచ్చిన ఎలకని వదిలి బతికున్న మనిషి మీదికి దూకుతుంది. ఆయన మాట డాక్టర్లు ఒప్పుకోవడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

ఈ గదిలో ఉన్న డాక్టరుకి ఆ సంగతి తెలీదు. బిస్కెట్లు కాపాడుకోవాలని మాత్రం తెలుసు. సంచీని చూరుకి వేలాడదీశాడు. పడుకున్నాడు. ఎలకలు ఆ రాత్రంతా నేల మీద, మంచం కింద, ఒకసారి కాళ్ల మీదుగా.

తెల్లారింది. ఇద్దరూ ఒళ్లు తడుముకున్నారు. జ్వరం లేదు. గడ్డ లేదు. సైకిళ్ల దగ్గరికి పోయి చూశారు. నాలుగు చక్రాల్లో మూడు నేల కరుచుకుని ఉన్నాయి.

*

రోజుకి నలభై దాకా పంచర్లు. ఈ లెక్క ఆ దంపతులదే.

నలభై అని రాయడం తేలిక. ఒక్కోదానికి పావుగంట వేసుకోండి. పది గంటలు. మంచి ఎండాకాలపు పగలు మొత్తం అక్కడికే సరి. అంటే ఒక్కో ఆగుడులో ఒకటి కాదు, నాలుగైదు చిల్లులు కలిపి పూడ్చి ఉండాలి. గాలి టైరు లోకానికి వచ్చి అప్పటికి పదేళ్లే. డన్‌లప్ దాన్ని పేటెంటు చేసింది 1888లో. రెండు సమానమైన చక్రాలు, మధ్యలో గొలుసు, ఇవాళ మనం తొక్కే ఆకారం స్టార్లీ చేసిన 'రోవర్'తో 1885లో వచ్చింది. ఫ్యానీ తొక్కిందీ అలాంటి ఆకారం బండే. ఇంగ్లండు కంకరరోడ్ల కోసం, చలి కోసం పుట్టిన రబ్బరు. ఇక్కడ ఎండకి మెత్తబడింది. ముల్లుకి లొంగిపోయింది.

ఇవాళ్టి రోజు మొదలైంది.

మొదటి మైలు రాయి దాటకుండానే ఒకటి. దిగారు. చక్రం తిరగేశారు. రెండో మైల్లో మళ్లీ. ఈసారి ఆయనది. తుమ్మతోపు పక్కనే ఎడ్లబండ్లు పోయిన గాడిలో మూడు వరసగా. ఎనిమిది దాటేసరికి ఎండ ముదిరింది. పది దాటేసరికి కడ్డీ ముట్టుకుంటే చుర్రుమంది. సొల్యూషన్ పూస్తే పూసినచోటే పొంగి ఎండిపోతోంది. అతుకు మీద అతుకు. అతుకు అంచున కొత్త ముల్లు.

అలా దిగి, తిప్పి, తడిమి, లాగి, గీకి, పూసి, ఊది, నొక్కి, గాలి కొట్టి, మళ్లీ ఎక్కి, పదిమార్లు పెడల్ తిప్పేసరికి మళ్లీ అదే పాము బుస విని, తిట్టడానికి కూడా గొంతులో తడి లేక, ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోకుండానే ఒకళ్లు చక్రం పట్టుకుంటే ఇంకొకళ్లు చిల్లి మీద వేలు పెట్టి, పదిహేడేళ్ల కాపురంలో నోటితో చెప్పుకోని సంగతులన్నీ ఆ రబ్బరు ముక్క దగ్గరే తేల్చుకున్నట్టు, ఇద్దరూ ఆ దారిని గజం గజంగా అతికించుకుంటూ పోయారు.

మధ్యాహ్నం మూడు. ఫ్యానీ సీసా మూత తీసింది. వంచింది. ఒక్క చుక్క మూత అంచున నిలబడింది.

అంతే. అదే ఆఖరిది.

*

తిండి చాలని రోజులు, నీళ్లు చాలని రోజులు ఆ ప్రయాణంలో లెక్కలేనన్ని. అడుగున మట్టి తేలే చెరువు నీళ్లు ఉంటాయి. తాగితే కలరా భయం. కాచి తాగాలంటే పుల్లలు కావాలి, కూర్చునే సమయం కావాలి, చీకటి పడకూడదు. పెద్ద సామాను, నౌకరు ఎప్పుడో రైల్లో ముందుకి పోయారు. వాళ్లు దిగే స్టేషనే ఈ రాత్రికి వీళ్ల ఊరు.

పొద్దు వాలింది. దారి పక్క పొలాల్లోంచి పొగ వాసన. ఎక్కడో పొయ్యిలు వెలిగాయి. నీడలు పొడుగయ్యాయి. ఇప్పుడు ముల్లు కంటికి కనపడదు. గతుకూ కనపడదు. ఎదురుగా ఎడ్లబండ్ల వరస. బండివాళ్లు నిద్రలో తూగుతున్నారు. ఎడ్లకి దారి తెలుసు. సైకిల్ బెల్లుకి ఒక ఎద్దు బెదిరింది. కాడి పక్కకి తిరిగింది. బండి చక్రం ఫ్యానీ మోచేతికి బెత్తెడు దూరంలోంచి పోయింది.

ఆమె పడలేదు. ఆగలేదు కూడా.

ఇంకొక మైలు. కాళ్లు తమంతట తాము తిరుగుతున్నాయి. నాలుక అంగిలికి అంటుకుపోయింది. విలియం ముందు పోతున్నాడు. ఒకప్పుడు ఆరోగ్యం చాలక ఉద్యోగం మానుకున్న మనిషి. ఆయన వీపు ఒక తెల్లటి మరకలా కదులుతోంది. ఆ మరకే ఆమెకి దారి. మరక చిన్నదైతే ఆమె తొక్కుడు పెంచుతుంది. ఆమె బెల్లు వినపడకపోతే ఆయన తొక్కుడు తగ్గిస్తాడు.

దూరాన ఒక ఎర్రదీపం. ఆ పక్కన ఆకుపచ్చది.

రైలు సిగ్నల్.

స్టేషన్‌లో గంట కొట్టారు. వెయిటింగ్ రూమ్ తలుపు తెరిచే ఉంది. బెంచీ మీద బొగ్గు దుమ్ము. మూలన కుండ, దాని మీద మూత. విలియం మూత ఎత్తాడు. లోపల చెయ్యి పెట్టాడు. తడి తగిలింది.

ముందు ఆమెకి అందించాడు.

*

ఇంత కష్టం దేనికి?

తెల్లారి ఆ స్టేషన్ బయట ఎవరైనా అడిగి ఉంటే, చూపించడానికి ఆమె దగ్గర జవాబుంది. రాతిలో ఉంది. కోవెల గోడ మీద పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు, శిల్పం బుగ్గ మీద నీడ నిలబడుతుంది. ఫ్యానీ ఆ నీడ కోసం వచ్చింది. రామాయణం, మహాభారతం ముందే చదువుకుంది. ఏ రాజు ఏ గుడి కట్టించాడో, బౌద్ధం ఎక్కడ వదిలితే జైనం ఎక్కడ అందుకుందో, మసీదు కమాను ఎలా నిలబడిందో తెలుసుకుని మరీ చూసింది. కెమెరాలు వెంట ఉన్నాయి. రాతి ముందు వాళ్లకి తొందర లేదు.

తొందర మనుషుల దగ్గరే.

అది కొండల్లో బయటపడింది. 1898 వేసవిలో ఎండ తట్టుకోలేక సైకిళ్లు వదిలి పడమటి హిమాలయాలకి, కారకోరం వైపు పోయారు. పద్నాలుగు వేల అడుగులు, పద్దెనిమిది వేల అడుగుల కనుమలు కాలినడకన దాటారు. మంచుకొండ ఆమెని పట్టేసింది. ఆ ఏడే కాంచన్‌జంగా చూడాలని సిక్కిం బయల్దేరారు. మైదానంలో ఇద్దరికి ఇద్దరే. ముల్లు గుచ్చుకుంటే తీసుకునే చేతులు వాళ్లవే. ఇక్కడ అలా కుదరదు. బరువు మోయడానికి పదులకొద్దీ మనుషులు కావాలి.

కూలీలు రోజుకి అయిదు మైళ్లంటే అయిదు మైళ్లే అన్నారు. దొరసానికి కోపమొచ్చింది. సీజను దాటిపోతోంది. పైన మంచు మొదలైంది. రాత్రి చలికి కూలీలు నిప్పు చుట్టూ ముడుచుకున్నారు. వాళ్ల కాళ్లకి సరైన జోళ్లు లేవు, ఒంటికి సరైన బట్ట లేదు. ఆమె అదిలించింది. వాళ్లు బరువులు కింద పెట్టారు.

తెల్లారింది. ఎవరూ లేవలేదు.

దొర అడిగాడు. దొరసాని అడిగింది. కూలీలు కొండ కిందికి చూపించారు. గవర్నరు కూతురు, డాక్టరు దొర, ఇద్దరూ డార్జిలింగుకి తిరిగి నడిచారు. నలభై ముళ్లు ఆపలేని మనుషుల్ని కూలీలు కూర్చున్నచోటి నుంచి లేవకుండానే ఆపేశారు.

*

ఆగితే మాత్రం వాళ్లు వర్క్‌మన్‌లు కారు.

మళ్లీ సైకిళ్లు. మళ్లీ మైదానం. మళ్లీ బుస్సుమనే చప్పుడు. మొత్తం లెక్క 14,000 మైళ్లు. మన లెక్కలో ఇరవై రెండున్నర వేల కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా ఇంచుమించు ఆరుసార్లు. 1899లో స్విస్ గైడు మతియాస్ జుర్‌బ్రిగ్గెన్‌ని పెట్టుకుని కారకోరంలో బియాఫో హిమనీనదం ఎక్కారు. అక్కడ ఒక శిఖరానికి పేరు పెట్టాల్సి వచ్చింది. ఎవరి పేరైనా పెట్టుకోవచ్చు. రాణి పేరు, రాజు పేరు, గవర్నరైన తండ్రి పేరు.

సీగ్‌ఫ్రీడ్‌హార్న్ అని పెట్టారు.

ఆరేళ్ల కిందట జ్వరంతో పోయిన పిల్లాడి పేరు. అమ్మానాన్నలు దారి పొడుగునా మోసింది దుప్పట్లు, బిస్కెట్లు మాత్రమే కాదు.

మైదానం ప్రయాణం 1904లో లండన్‌లో పుస్తకమై వచ్చింది. అప్పటికి ఫ్యానీ మనసంతా కొండ మీదే. 1905లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో మాట్లాడింది. అక్కడ మాట్లాడిన రెండో ఆడమనిషి. 1906లో, 47 ఏళ్ల వయసులో, పినాకిల్ శిఖరం ఎక్కింది. 6,930 మీటర్లు. అప్పటిదాకా అంత ఎత్తుకి పోయిన ఆడమనిషి లేదు. ఆ రికార్డు 1934 దాకా చెక్కుచెదరలేదు. 1912లో సియాచిన్ మంచు మీద నిలబడి ఒక పత్రిక విప్పి పట్టుకుని ఫొటో దిగింది. దాని మీద పెద్ద అక్షరాలు: ఆడవాళ్లకి ఓటు. భర్త ఆ ఫొటో దాచిపెట్టలేదు. పుస్తకంలో అచ్చేయించారు.

కొండ మీద కూడా వాళ్ల పద్ధతి సైకిలు పద్ధతే. ఒక ఏడు ఆమె ఏర్పాట్లు చూస్తే, ఆయన కొలతలు, పటాలు. మరుసటేడు తారుమారు. ఒకరు చక్రం పట్టుకుంటే ఒకరు చిల్లి మీద వేలు.

1925 జనవరి. ఫ్రాన్సులో కాన్ పట్నం. చాలాకాలంగా మంచం పట్టిన ఫ్యానీ కన్నుమూసింది. 66 ఏళ్లు.

ఆరోగ్యం బాగాలేదని 1889లో ప్రాక్టీసు మానేసిన డాక్టరు ఇంకా పన్నెండేళ్లు బతికాడు. పెళ్లినాటి తేడా ఎంతో సరిగ్గా అంత. 1937లో పోయేనాటికి ఆయనకి తొంభై.

వూస్టర్ ఊళ్లో పాత శ్మశానం. ఒకే రాయి కింద ఇద్దరి అస్థికలు. రాతి మీద చెక్కిన మాటలు కొన్నే: హిమాలయాలని తొలుత శోధించినవాళ్లు అని. మంచు ఉంది అందులో. ఎత్తు ఉంది. ఎర్రదుమ్ము లేదు, ఎలకలు కదిలిన బంగళా లేదు, వెయిటింగ్ రూమ్ కుండలో తడి లేదు. సైకిలు అన్న మాట ఎక్కడా లేదు.

చెక్కకపోయినా ఆ దారి మాసిపోలేదు. మంజీర మీంచి గాలి వీస్తోంది. మనూరు రోడ్డు పక్కన తుమ్మ ఎండుముళ్లు రాలుస్తోంది. ఎవరిదో వెనక చక్రం బుస్సుమంటుంది. దిగుతారు. ఒకరు బండి ఎత్తి పట్టుకుంటారు. ఒకరు వంగి టైరంతా వేలితో తడుముతారు.

ఒకచోట వేలు ఆగుతుంది.